ఒక నిమిషం ఇరవై సెకన్లు

"ముట్టుకుంటే ఊరుకోను," అంది అత్తయ్య మూడోసారి. ఈసారి పనిగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని మరీ కూర్చుంది.

మా ఆయన చేతిలో ఖాళీ అట్టపెట్టె అలాగే ఉంది. పొద్దున్న టీ దగ్గర మొదలైన గొడవ తొమ్మిదిన్నరైనా తెమల్లేదు. గది ఖాళీ చేయమన్నది నాన్నే కదా, ఆయన వస్తువులు ఆయనిష్టం అని మా ఆయన వాదన. ఈ ఇంట్లో భోజనాల బల్ల మీదికి జిగురు సీసాలు వచ్చినప్పుడు ఎవరూ నన్నడగలేదు, ఇప్పుడు పోవడానికి మాత్రం నన్నడగాల్సిందే అని అత్తయ్య వాదన. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండానే, "నానమ్మా, ఆ గది ఖాళీ అయితే ఒక మంచం పడుతుందని పదిహేనేళ్ళుగా అంటున్నది నువ్వే కదా," అంది.

"నువ్వు చదువుకో."

మామయ్య వరండాలో పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అరగంటగా ఆ పేపరు పేజీ తిరగలేదు.

ఆయన రేడియోలు బాగుచేసిన మనిషి. ఆయన పెట్టిన టంకం ఊడిందని దుకాణానికి వెనక్కి వచ్చిన రేడియో ఒక్కటీ లేదని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దుకాణం మూసేశాక రిమోటుతో ఎగిరే కరెంటు మోటారు బుల్లి విమానాలు కట్టడం మొదలుపెట్టారు. తేలికపాటి బాల్సా చెక్కని బ్లేడుతో కోసి, ప్రతి ముక్కనీ వంటింటి త్రాసులో తూచి, అత్తయ్య ఇస్త్రీపెట్టెతో రెక్కల మీద పల్చటి పొర అంటించి, మోటారుకి తగ్గ పంకా, పంకాకి తగ్గ బ్యాటరీ ఎంచి కడతారు. తోకలో ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు గ్రాములు పెట్టాలమ్మా, అందుకని తోక దగ్గర పిసినారిగా ఉండాలి అనేవారు. ఊళ్ళో విమానాల క్లబ్బులో సగం మంది ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

తొమ్మిది రోజుల కింద పోటీలో, అయిదడుగుల రెక్కలున్న ఆయన విమానం గాల్లో ఉండగా మోటారు ఆగింది. జడ్జీల బల్ల పక్కనే కూలింది. పెద్ద జడ్జిగారి భుజం ఎముక విరిగింది. నాసిరకం పని వల్ల జరిగిన ప్రమాదమని పోలీసు ఇన్‌స్పెక్టరు కాగితం టైపు చేయించాడు. రేపు పదింటికి క్లబ్బు కమిటీ ముందు మామయ్య దాని మీద సంతకం పెట్టాలి. పెడితే ఇక ఆయన మైదానంలో అడుగుపెట్టకూడదు, ఎవరికీ కట్టివ్వకూడదు, నేర్పకూడదు.

పెడతానంటున్నారు. నా భయమంతా అదే.

నేను పన్నెండేళ్ళు పోలీసు శాఖలో చేసి, ఆరేళ్ళుగా సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నదాన్ని. ఎంతోమంది చేత నిజం చెప్పించాను. మామయ్య చేత ఒక్క ముక్క చెప్పించడానికి వారం పట్టింది. వరండాలో ఆయన ఎదురుగా పీట వేసుకుని ఇంకోసారి అడిగాను.

"బ్యాటరీ నిండుగా ఉందని మీకెలా తెలుసు మామయ్యా?"

"బ్యాండు ఉంది."

చార్జింగు కాగానే బ్యాటరీకి ఎర్ర రబ్బరు బ్యాండు తగిలిస్తారు. విమానంలో పెట్టేటప్పుడు తీసేస్తారు. బ్యాండు ఉంటే నిండు, లేకపోతే ఖాళీ. పదిహేనేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

"నిండు బ్యాటరీ ఎనిమిది నిమిషాలు ఎగురుతుంది," అన్నారు పేపరు దించకుండా. "అది నిమిషన్నరలో ఖాళీ అయిందంటే ఎక్కడో నా టంకం వదిలి తీగలు కలిశాయి. ఇంకేముంటుంది? చేతులు మొద్దుబారాయమ్మా. ఒప్పుకోవడంలో తప్పులేదు."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు. లేచి చెప్పులు వేసుకున్నాను.

*

విరిగిన విమానాన్ని క్లబ్బు షెడ్డులో ఒక బల్ల మీద పరిచి ఉంచారు. పదకొండయ్యేసరికి నేను అక్కడున్నాను. ఇన్‌స్పెక్టరు నాకంటే ముందే వచ్చాడు. ఫైలు తెరిచిన రోజే మూసేస్తాడని మా పాత స్టేషన్లో అతనికి తాళం అని పేరు. నాలుగేళ్ళు నా కింద పనిచేశాడు. నేను పట్టుకున్న ఒక దొంగతో తను ఫొటో దిగి ప్రమోషన్ కొట్టాడు.

"రండి మేడమ్," అన్నాడు. "సొంత మామగారి కేసులో వేలు పెట్టకూడదని మీరే మాకు నేర్పారు."

"చూడకూడదని నేర్పలేదు."

"పది నిమిషాలు. నా ఎదురుగానే."

భూతద్దం తీశాను. మోటారు నుంచి మొదలుపెట్టి తీగ వెంట తీగ చూసుకుంటూ వచ్చాను. మూడు అతుకులు మోటారు దగ్గర, రెండు బ్యాటరీ దగ్గర. ఒక్కోటీ ముత్యంలా ఉంది. పైన తొడిగిన గొట్టం ఎక్కడా నల్లబడలేదు, ముడతపడలేదు. విమానం ముక్కలైంది గానీ ఆయన టంకం పెట్టిన చోట ఒక్కటీ విడలేదు. కొన్నిచోట్ల అతుకు నిలిచి పక్కన తీగే తెగింది. ఆ షెడ్డులో ఒంటరిగా ఉంటే గట్టిగా నవ్వేదాన్ని.

బ్యాటరీకి మీటరు పెట్టమన్నాను. పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు ఉండాల్సింది పది పాయింట్ ఆరు చూపించింది. లోపలి మూడు గదులూ సమానంగా తగ్గాయి.

"ఖాళీ," అన్నాడు తాళం. "నేను రాసింది అదే. తీగలు కలిశాయి, కరెంటు కారిపోయింది, మోటారు ఆగింది."

"అంత కరెంటు అంత తొందరగా కారితే ఇది అప్పంలా ఉబ్బాలి. తీగల తొడుగు కరగాలి. చేత్తో చూడు, పలకలా ఉంది. పక్కన అంటించిన టేపు జిగురు కూడా మెత్తబడలేదు."

అతను చెయ్యి పెట్టి చూడలేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. పోటీకి ముందు నింపే పత్రం. వోల్టేజి అన్నచోట మామయ్య గుండ్రటి చేతిరాతలో 12.6 అని ఉంది. కింద సంతకం.

"ఎగిరేముందు నిండుగా ఉంది, ఒక నిమిషం ఇరవై సెకన్లకి ఖాళీ అయింది. మీరేమో టంకం బాగుందంటారు. అయితే ఈ కాగితం అబద్ధం చెప్పాలి. లేదా ఆ టంకం అబద్ధం చెప్పాలి." కాగితం తిరిగి ఫైల్లో పెట్టుకున్నాడు. "ఏది అబద్ధం చెప్పినా మనిషి ఒకరే మేడమ్. మీకేది కావాలో మీరే ఎంచుకోండి."

నిజం చెప్పాలంటే ఆ దెబ్బ తగిలింది. వాడికి అంత పదునుందని నేననుకోలేదు.

ఇంకా రెండు నిమిషాలుంది. విమానాన్ని వెల్లకిలా తిప్పించి చక్రాలు చూశాను. కుడిచక్రం ఇరుసుకి సన్నటి పోగులేవో చుట్టుకుని ఎండిపోయి ఉన్నాయి. చిమ్టాతో లాగితే గడ్డి. రెండు పరకలు, వాటిని పట్టుకుని నాలుగు గింజలు. తడిగా ఉన్నప్పుడు చుట్టుకుని తర్వాత ఎండినవి.

షెడ్డు తలుపులోంచి బయటికి చూశాను. క్లబ్బు రన్‌వే సిమెంటుది. దాని చుట్టూ జడ్జీల బల్ల వరకూ, బల్ల అవతలి వరకూ కంకర. గడ్డి మొలిచే జాగా లేదు. మామయ్య పోటీకి ముందురోజు సాయంత్రం విమానాన్ని చక్రాల ఇరుసులతో సహా మెత్తటి గుడ్డతో తుడవడం నేను కళ్ళారా చూశాను.

గింజల్ని ఒక కవర్లో వేసి, తాళం చేత దాని మీద సంతకం పెట్టించాను. అతను నవ్వుతూనే పెట్టాడు. "గడ్డి కూడా సాక్ష్యమేనా మేడమ్?"

"రేపు పదింటికి చెప్తాను."

*

ఆ రోజు స్టాప్‌వాచీ పట్టుకున్నది ఒక లెక్కల టీచరు. మధ్యాహ్నం బడిలో స్టాఫ్ రూములో దొరికింది. మామయ్య శిష్యురాలే. మాట్లాడుతున్నంతసేపూ చాక్‌పీసు వేళ్ళ మధ్య నలుపుతూనే ఉంది.

మోటారు ఆగింది ఒక నిమిషం ఇరవై సెకన్లకి, అందులో అనుమానం లేదంది. మోటారు ఆగాక రిమోటు తిప్పితే రెక్కల అంచులు కదిలాయా అని అడిగాను. కదిలాయట. విమానం నేరుగా బల్ల మీదికే వస్తుంటే ఆయన చివరి క్షణం దాకా పక్కకి తిప్పుతూనే ఉన్నారట. తిప్పకపోతే ముగ్గురు జడ్జీల మీద పడేది, ఒకరి భుజంతో పోయిందని ఆమె అభిప్రాయం.

నాకు కావలసింది అదే. తీగలు కలిస్తే మొత్తం చచ్చిపోతుంది, రెక్కలు మాట వినవు. బ్యాటరీ వాడకం వల్ల అడుగంటితే అలా కాదు. విమానంలోని కంట్రోలరు ముందు మోటారుని ఆపేసి, మిగిలిన కాస్త కరెంటు రెక్కలు తిప్పుకోవడానికి వదిలిపెడుతుంది. ఆ బ్యాటరీ వాడినదే. ఆరేడు నిమిషాలు బాగా వాడినది.

"పత్రంలో వోల్టేజి రాసేటప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"మీటరు పెట్టారా?"

ఆమె చాక్‌పీసు విరిచింది. "నేను అడిగాను. పన్నెండు పాయింట్ ఆరు అని చెప్పి రాసేశారు. మీటరు పెట్టెలోనే ఉంది. ఆయన్ని కూడా మీటరు పెట్టి చూపించమనాలా? గడియారాన్ని టైమడిగి, మళ్ళీ కిటికీలోంచి ఎండ చూసుకున్నట్టు ఉండదూ?"

కొలవకుండా రాశారు. బ్యాండు చూసి రాశారు. ఆ క్రమశిక్షణ మీద ఆయనకున్న గర్వం అంతటిది. మా అందరికీ ఉన్న గర్వమూ అదే. కాగితమే అబద్ధం చెప్పిందన్నమాట. ఇక తేలాల్సింది ఒక్కటే. ఆ పొద్దున్న తడిగడ్డి మీద ఆ విమానాన్ని ఎగరేసి, దింపి, ఖాళీ బ్యాటరీకి తిరిగి ఎర్రబ్యాండు తగిలించింది ఎవరు? దొంగైతే బ్యాండు సంగతి తెలియదు. బ్యాండు సంగతి తెలిసి, తెల్లారకుండానే ఆ పనిగదిలోకి వెళ్ళగలిగినవాళ్ళు మా ఇంట్లో అయిదుగురమే.

స్టాఫ్ రూము కిటికీలోంచి బడి మైదానం కనిపిస్తోంది. దాని వెనక ప్రహరీ, ప్రహరీకి చిన్న తలుపు, ఆ తలుపు అవతల మా వీధి. మైదానమంతా పచ్చగడ్డి.

*

మూడింటికి ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. అట్టపెట్టె కూడా ఖాళీగానే ఉంది. యుద్ధంలో ఎవరు గెలిచారో అడగక్కర్లేకపోయింది.

పనిగదిలో మామయ్య రిమోటు కొక్కేనికి వేలాడుతోంది. తాళం దాన్ని తీసుకెళ్ళలేదు, అతనికి కావలసింది ముక్కలే. రిమోటుకి మెడలో వేసుకునే నల్లటి పట్టీ ఉంటుంది. ఒక బిగింపుతో దాన్ని పొడుగు, పొట్టి చేసుకోవచ్చు. బిగింపు ఇప్పుడు మామయ్య పొడవుకి ఉంది. కానీ పట్టీ మీద నాలుగు వేళ్ళ దూరంలో ఇంకో గీత ఉంది. ఒకసారి బిగిస్తే పడే మడత కాదది. ఎన్నో నెలలు, ఎన్నోసార్లు అక్కడ బిగిస్తే నేత అరిగి పడిన గాడి.

ఆ గాడికి బిగించి నా మెడలో వేసుకున్నాను. రిమోటు గుండెల మీదికి వచ్చింది, మోచేతులు రెక్కల్లా లేచాయి. నాకంటే జానెడు పొట్టివాళ్ళెవరో. మా ఆయన మామయ్య కంటే పొడుగు. మా అమ్మాయి నన్ను దాటి ఏడాదైంది.

అప్పుడు అర్థమైంది, పదిహేనేళ్ళుగా ఆ గదిని తిట్టిన మనిషి ఈ పొద్దున్న గుమ్మానికి అడ్డంగా ఎందుకు కూర్చుందో.

పట్టీని మామయ్య పొడవుకి మార్చి, రిమోటు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య ఉల్లిపాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, ఇది ఒక్కసారి మెడలో వేసుకోండి."

నా ముఖం చూసింది. కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. రిమోటు అందుకుని మెడలో వేసుకుంది. చూడకుండానే ఆమె ఎడంచెయ్యి వెనక్కి వెళ్ళి బిగింపుని గాడి దాకా జరిపింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి రిమోటు మీది రెండు పుల్లల్నీ సుతారంగా పట్టుకుంది. నేర్చుకునేవాళ్ళు బొటనవేళ్ళతో నొక్కుతారు. అలా పట్టుకునేది చెయ్యి తిరిగినవాళ్ళే.

"ఎన్నాళ్ళుగా?" అన్నాను.

"రెండేళ్ళు."

స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. పన్నెండేళ్ళ కింద ఒకసారి మైదానంలో తనకీ ఇమ్మని అడిగిందట. మామయ్య ఇచ్చి, పది సెకన్లు కాకుండానే లాక్కుని, ఇది గరిటె తిప్పడం కాదు అన్నారట. అందరూ నవ్వారు. ఆయనకి అది గుర్తుకూడా లేదు. ఆ తర్వాత ఆమె మైదానానికి మంచినీళ్ళ సీసాతో వెళ్ళి కూర్చునేది, ఆయన ఇతరులకి చెప్పే ప్రతి పాఠం వినేది. రెండేళ్ళ కింద, ఆయన పొద్దున్న అయిదున్నరకి నడకకి వెళ్ళగానే, అటక మీది పాత థర్మోకోల్ విమానం దించి బడి మైదానానికి పట్టుకెళ్ళింది.

"మూడుసార్లు విరగ్గొట్టాను. మూడుసార్లూ నేనే అతికించాను. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని చూసి కూడా కనిపెట్టలేదు. నా అతుకు ఎలాంటిదో నువ్వే ఆలోచించు," అంది. తల వంచలేదు.

ఆ రోజు కూడా అయిదు నలభై అయిదుకి ఎగరేసింది. కొత్త విమానం, పోటీకి వెళ్ళేలోపు ఒక్కసారి చేతిలో చూసుకోవాలనిపించిందట. ఆరున్నర నిమిషాలు. ఆయన ఏడింటికి గానీ రారు, పోటీ తొమ్మిదింటికి. బ్యాటరీ మళ్ళీ నింపడానికి గంట ఉందనుకుంది. కానీ గాలి పెరుగుతుందని పోటీని ఏడున్నరకి జరిపారు. నడకలో ఉండగానే ఆయనకి ఫోను వచ్చింది. ఆరుంపావుకే గేటు చప్పుడైంది. బ్యాండు లేని బ్యాటరీ కనిపిస్తే ఎవరు వాడారని అడుగుతారు. చేతికందిన బ్యాండు తగిలించేసింది.

"ఎగరేసేముందు మీటరు పెడతారు కదా అనుకున్నానే. తక్కువ చూపిస్తే తిట్టుకుని రెండోది పెట్టుకుంటారనుకున్నాను. ఒకటికి రెండుసార్లు చూసుకునే మనిషి."

ఆయన ఆమె పెట్టిన బ్యాండుని నమ్మారు. ఆమె ఆయన పెట్టని మీటరుని నమ్మింది.

ఆ సాయంత్రమే చెప్పాలనుకుందట. మర్నాటికి బరువు పెరిగింది, వారానికి నోరు పెగలకుండా పోయింది. నేను ఒక్క సంగతి మాత్రం చెప్పాను. ఎవరో వాడారని, పేరు లేకుండా, రేపు నేను నిరూపించగలను. టంకానికి మచ్చ రాదు. కానీ తాళం ఆ పేరు కోసం ఇల్లంతా తవ్వుతాడు. పేరు చెప్తే కేసు ఆమె మీదికి తిరగొచ్చు.

"నేను చెప్పమని అడగను అత్తయ్యా. మీ ఇష్టం."

ఆమె అదేమీ వినలేదనుకుంటాను. "ఏమన్నారు ఆయన?" అంది. "చేతులు మొద్దుబారాయన్నారా?"

"అన్నారు."

రిమోటు మెడలోంచి తీసి నా చేతికిచ్చి, మిగిలిన ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది.

*

ఆరింటికి టీ అత్తయ్యే తెచ్చింది. అందరికీ ఇచ్చి, తన గ్లాసు పట్టుకుని, మామయ్య ఎదురుగా కూర్చుంది. మా ఆయన మళ్ళీ అట్టపెట్టె సంగతి ఎత్తబోతే చెయ్యెత్తి ఆపింది.

"రేపు కమిటీ ముందుకి నేనూ వస్తున్నాను," అంది, పాలవాడు రాలేదని చెప్పినంత నెమ్మదిగా. "ఆ పొద్దున్న ఆ బ్యాటరీ వాడింది నేను. బ్యాండు తగిలించిందీ నేనే. మీ టంకం ఎక్కడా వదల్లేదు. అమ్మాయి భూతద్దం పెట్టి చూసింది. మీ చేతులకేం కాలేదు."

మా ఆయన గ్లాసు సగంలో ఆగింది. మామయ్య నావైపు చూశారు. నేను తలూపాను. గడ్డి గింజలు, పట్టీ మీది గాడి, టీచరు చెప్పింది, అన్నీ వరసగా చెప్పాను. కొలవకుండా రాసిన అంకె దగ్గరికి వచ్చేసరికి ఆయనే అందుకుని, "అవును, కొలవలేదు," అన్నారు.

తర్వాత తన రెండు చేతుల్నీ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టుకుని చూసుకున్నారు. నేను కోపం వస్తుందనుకున్నాను. ఆయన అత్తయ్యని అడిగిన మొదటి మాట వేరు.

"ఆ రోజు గాలి పక్కనుంచి ఉండాలే. ఎలా దింపావు?"

"ముక్కు గాలివైపు తిప్పి తెచ్చాను. నేల తాకేముందు సరిచేశాను."

"ఎంత దూరం పరుగెత్తింది?"

"నాలుగు గజాలు."

"నాకెప్పుడూ ఏడుకి తగ్గలేదు," అన్నారు మామయ్య. టీ గుక్కేసి, "గడ్డి మీద కదా, ఆగుతుంది," అన్నారు. మా అమ్మాయి పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన ముఖం చూస్తే నాకు వేరే సంగతి తెలిసింది. ఎవరి శిష్యురాలని అడిగితే చెప్పుకోవడానికి తయారుగా ఉన్నారాయన.

అయినా కేసు ఆమె మీదికి తిరుగుతుందని, ఆ ఇన్‌స్పెక్టరు సామాన్యుడు కాదని, నేను మరోసారి హెచ్చరించాను. జడ్జిగారి భుజానికి జవాబుదారీ అందులో ఉంది. మామయ్య వెంటనే నిటారుగా కూర్చున్నారు. కాగితం మీద తప్పు అంకె రాసింది తను కాబట్టి మాట్లాడేది తనేనని, ఇంట్లో ఆడమనిషిని స్టేషను మెట్లెక్కించనని అన్నారు.

"మీ అంకె సంగతి మీరు చెప్పుకోండి," అంది అత్తయ్య. ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి లేచింది. "నా చేత్తో చేసింది నా నోటితోనే చెప్తాను. ముందు జడ్జిగారింటికి, అక్కణ్ణుంచి కమిటీకి. ఎనిమిదిన్నరకల్లా అందరూ తయారవండి."